ట్రాన్స్‌ఫర్ విండో గారికి నమస్కరించి రాయునది

మహారాజశ్రీ ట్రాన్స్‌ఫర్ విండో గారికి,

తిరుపతి నుంచి ఒక ఫుట్‌బాల్ పిచ్చోడు రాయునది ఏమనగా. ఉభయకుశలోపరి అని మొదలుపెట్టాలి గానీ, మా వైపు కుశలం లేదు కాబట్టి అది వదిలేస్తున్నా.

క్లబ్బులు ఆటగాళ్ళని కొనుక్కోడానికి, అమ్ముకోడానికి దొరికే గడువు మీరే కదా. 2002-03 సీజన్ నుంచి మీరు ఏడాదికి రెండుసార్లు తెరుచుకుంటున్నారు. యూరప్‌లో అయితే ఎండాకాలం ఒకసారి, జనవరిలో ఒకసారి. మాకు బదిలీలు కొత్త కాదు. మా పక్కింటి టీచరక్క పలమనేరు దగ్గరి పల్లె నుంచి తిరుపతికి రావాలని ఎండాకాలం వస్తే చాలు, ఫోను పట్టుకుని ఖాళీల లిస్టు, సర్వీసు పాయింట్లు చూసుకుంటూ కూర్చుంటుంది. ఈ పక్క డాబా మీద నేను, మీ వార్తల కోసం. ఆమె బదిలీ అయితే సామాన్ల ఆటో బాడుగ ఆమే ఇచ్చుకోవాలి. 2017లో బ్రెజిల్ ఆటగాడు నెయ్‌మార్ బార్సిలోనా క్లబ్బు నుంచి పారిస్‌కు బదిలీ అయితే బార్సిలోనాకు 22.2 కోట్ల యూరోలు ముట్టాయి. ఈ మాట చెప్తే అక్క నమ్మలేదు. "అంత డబ్బిచ్చేది ఎవరికిరా, ఆ పిల్లోడు వదిలేసి పోయిన వాళ్ళకా?" అంది. అవునక్కా, వాళ్ళకే.

మీసేవలో సర్వర్ డౌన్ అయితే మా ఊరంతా అక్కడ కూర్చున్న కుర్రాణ్ణి తిడతారు గానీ, మీ గుమ్మంలో జరిగింది తెలిస్తే పాపం ఆ కుర్రాణ్ణి వదిలేసేవాళ్ళు. 2015 ఆగస్టు 31న గోల్‌కీపర్ డేవిడ్ డి హేయా మాంచెస్టర్ యునైటెడ్ నుంచి రియల్ మాడ్రిడ్‌కు వెళ్ళాల్సింది. బేరం కుదిరింది, కాగితాలు మాత్రం వేళకి చేరలేదు. అక్కడ అర్ధరాత్రి మీరు రెక్కలు మూసేసరికి ఇక్కడ తెల్లవారుజామున మూడున్నర. కొండ మీద స్వామి వారు లేచినా నేనింకా పడుకోలేదు. రెండు మహా క్లబ్బులు, ఎంతమంది లాయర్లో, ఒక్క ఫైలు పంపలేకపోయారు!

ఆటగాళ్ళు వెళ్ళిపోతున్నారని నా ఏడుపు కాదు. మే నెలలో మా గంగమ్మ జాతర చూసినవాడికి వేషం మారడం వింత కాదు. ఒకరోజు బైరాగి, ఇంకోరోజు బండ, తోటి, దొర, మాతంగి. రోజుకో వేషం. అక్కడ బూతులు తిట్టడం కూడా మొక్కే. యూరప్ అభిమానులు వదిలి వెళ్ళినవాణ్ణి తిట్టే తిట్లు చూస్తే, వీళ్ళకీ ఒక గంగమ్మ ఉంటే బాగుండేది, కనీసం పుణ్యమన్నా వచ్చేది అనిపిస్తుంది. 1995లో బోస్మన్ అనే బెల్జియం ఆటగాడు కోర్టులో గెలిచేదాకా కాంట్రాక్టు అయిపోయినా క్లబ్బు డబ్బు అడిగి అడ్డం పడుకునేది. అందుకే ఆటగాడు తనకిష్టమైన చోటికి పోగలగడం మంచిదే. 2021 ఆగస్టులో మెస్సీ బార్సిలోనాలో టిష్యూ పేపర్‌తో కళ్ళు తుడుచుకుంటూ కూర్చున్నాడే, ఆయన ఉండనన్నాడా? ఉంటాననే అన్నాడు. క్లబ్బు లెక్కలు లీగ్ నిబంధనల్లో పట్టలేదు. లెక్క తప్పింది ఆఫీసులో, ఏడ్చింది గ్రౌండులో ఆడినవాడు.

ఇక మా సంగతి. తెలుగువాళ్ళకి మన దేశపు ఫుట్‌బాల్ లీగ్ ఐఎస్ఎల్‌లో (ఇండియన్ సూపర్ లీగ్) ఒక టీమ్ ఉండేది, హైదరాబాద్ ఎఫ్‌సీ. మా వీధిలో ఆ పేరు చెప్తే "సన్‌రైజర్సా?" అని అడిగేవాళ్ళు. అయినా 2022 మార్చి 20 రాత్రి లీలామహల్ దగ్గర రూమ్‌లో నలుగురం అరిచిన అరుపులకి ఓనర్ పైకొచ్చాడు. గోవాలో కేరళ బ్లాస్టర్స్‌తో ఫైనల్, పెనాల్టీలు, మన గోల్‌కీపర్ కట్టిమణి మూడు ఆపాడు. కప్పు మనదే.

తర్వాతి ఏడాది పట్టికలో రెండో స్థానం. అక్కడి నుంచి మీరు తెరుచుకున్నారు. 2023లో కోచ్ మనోలో మార్కెజ్ గోవా టీమ్‌కి వెళ్ళాడు. కప్పు గెలిచింది గోవాలోనే, కోచ్‌ను పట్టుకుపోయిందీ గోవానే. ఎడమ వైపు పరిగెత్తే ఆకాశ్ మిశ్రా ముంబైకి. జీతాలు బకాయి పడ్డాయి. జనవరిలో మీరు మళ్ళీ తెరుచుకునేసరికి మిగిలినవాళ్ళలో చాలామంది సంచులు సర్దుకున్నారు. వాళ్ళని ఏమనగలం? రెండు నెలలు జీతం రాకపోతే మా టీచరక్క కూడా ధర్నాకి కూర్చుంటుంది. ఆ సీజన్ 22 మ్యాచ్‌ల్లో ఒక్కటే గెలుపు. ఆడినవాళ్ళు ఎక్కువగా కుర్రాళ్ళు. గుండు కొట్టించుకున్నది మాత్రం మేము, అదీ కళ్యాణకట్టకి పోకుండానే.

మీ పేరులో కిటికీ ఉంది కాబట్టి మీ మీదే నిఘా పెట్టుకుని కూర్చున్నాం. ఎవరు దూకుతున్నారో, ఎవరు ఎక్కుతున్నారో అని. 2025లో క్లబ్బు క్లబ్బే ఢిల్లీకి పోయింది. ఇప్పుడు దాని పేరు స్పోర్టింగ్ క్లబ్ ఢిల్లీ. అది మీలోంచి పోలేదు లెండి, సింహద్వారం గుండా పోయింది. ఆటగాడికి తేదీ ఉంది, గడువు ఉంది, అర్ధరాత్రి ఉంది. యజమానులకి ఏ తేదీ అయినా ఒకటే. ఇదంతా చెప్తే టీచరక్క పప్పులో పోపు వేస్తూ, "నేను ఎన్ని ఊర్లు మారినా బడి ఉన్నచోటే ఉంటుంది కదరా" అంది. దానికి నా దగ్గర జవాబు లేదు. మీ దగ్గరుంటే రాయగలరు.

పసుపు జెర్సీ ఇంకా బీరువాలో ఉంది. వచ్చే జాతరకి వేసుకుందామనుకుంటున్నా. అదేం వేషంరా అని ఎవరైనా అడిగితే, హైదరాబాద్ ఫుట్‌బాల్ టీమ్ వేషం అని చెప్తా.

ఇట్లు,
డాబా మీద మీ విశ్వాసపాత్రుడు