మగవాళ్లు చూసుకుంటారు, మీరెళ్లి పడుకోండి

డ్రాక్యులా నవలలో ఆడవాళ్లను చిన్నచూపు చూశారని విమర్శకులు అంటూ ఉంటారు. చదువుకున్నవాళ్లు కూడా అలా మాట్లాడటం విచారకరం. ఆ పుస్తకంలో ఐదుగురు పెద్దమనుషులు ఇద్దరు ఆడవాళ్లను రక్షించడానికి ఎంత శ్రమపడ్డారో ఒక్కరూ చెప్పరు. ఒకావిడ చచ్చిపోయింది, ఒకావిడ చావు అంచుదాకా వెళ్లొచ్చింది, నిజమే. శ్రమ మాత్రం శ్రమే కదా.

ముందు రచయిత గురించి రెండు ముక్కలు. బ్రామ్ స్టోకర్ ఐర్లండువాడు, లండన్‌లో లైసియం థియేటర్ వ్యవహారాలు చూసేవాడు. 1897లో ఈ నవల అచ్చయింది. నవలల్లో విచ్చలవిడితనం మితిమీరుతోందనీ వాటికి సెన్సారు ఉండాలనీ 1908లో ఆయనే వ్యాసం రాశాడు. ముగ్గురు ఆడపిశాచాలు తన మీదికి వంగుతుంటే ఒక కుర్ర లాయరు రెప్పల సందులోంచి చూస్తూ ఆత్రంగా ఎదురుచూసే ఘట్టం రాసిన చెయ్యి కూడా అదే. ఏది సెన్సారు చెయ్యాలో ఆయనకు స్వానుభవం మీద తెలుసన్నమాట.

ఆ కుర్ర లాయరు జోనథన్ హార్కర్. లండన్ దగ్గర ఇల్లు కొనే కౌంట్ డ్రాక్యులాకు కాగితాలు చూపించడానికి ఇప్పటి రొమేనియాలోని ట్రాన్సిల్వేనియా వెళ్లాడు. కోట తలుపు తీసింది కౌంటే. సామాను మోసింది కౌంటే. కాల్చిన కోడి, చీజ్, సలాడ్, వైన్ వడ్డించిందీ కౌంటే. కొన్నాళ్లకు హార్కర్ తలుపు సందులోంచి చూస్తే కౌంటుగారు తన పక్క దుప్పటి సర్దుతున్నారు! హార్కర్‌కు గుండె ఝల్లుమంది. కోటలో నౌకర్లు లేరనీ, తోడేళ్ల మధ్య నుంచి బండి తోలుకొచ్చిందీ కౌంటేననీ తెలిసి భయపడ్డాడని పండితులు చెబుతారు. నేనొప్పుకోను. అంత పెద్ద జమీందారు స్వహస్తాలతో దుప్పటి సర్దడం చూస్తే ఏ మర్యాదస్తుడికైనా వణుకు పుడుతుంది. హార్కర్ మాత్రం దారిలో హోటల్లో తిన్న మిరపకాయ కోడికూర బాగుందని, ఎలా వండాలో మీనా కోసం కనుక్కోవాలని డైరీలో రాసుకున్నాడు. మనిషికీ పిశాచానికీ తేడా అక్కడే తెలిసిపోతుంది. మనిషి భార్య కాబోయే పిల్లకు వంట పద్ధతి పట్టుకెళతాడు, పిశాచం తనే వండి పెడుతుంది.

ఇక లూసీ వెస్టెన్రా. పందొమ్మిదేళ్ల పిల్ల. ఒకే రోజున ముగ్గురొచ్చి పెళ్లి చేసుకుంటావా అని అడిగారు: పిచ్చాసుపత్రి డాక్టరు సీవార్డ్, అమెరికా నుంచి వచ్చిన క్విన్సీ మారిస్, లార్డుగారబ్బాయి ఆర్థర్. ఆర్థర్‌కు సరేనంది. ఆమె అంతటితో ఊరుకోలేదు. ఒక అమ్మాయిని ముగ్గురినీ, లేదా కావాలన్నవాళ్లందరినీ చేసుకోనిస్తే ఈ బాధంతా ఉండదు కదా అని స్నేహితురాలు మీనాకు ఉత్తరం రాసింది. అలా అనకూడదని ఆ వెంటనే లెంపలేసుకుంది కూడా. అయినా కాగితం మీద పడ్డాక ఏం లాభం?

కౌంట్ వచ్చి లూసీ రక్తం తాగడం మొదలుపెట్టాడు. వైద్యానికి హాలండ్ నుంచి ప్రొఫెసర్ వాన్ హెల్సింగ్ దిగాడు. ముందు ఆర్థర్ రక్తం ఎక్కించారు, తర్వాత సీవార్డ్‌ది, తర్వాత ప్రొఫెసరుగారిది. నాలుగోసారి అవసరం పడినప్పుడు ఇంట్లో పనిమనుషులున్నారు. ఆ ఆడవాళ్లను నమ్మలేనన్నాడు ప్రొఫెసరు. సమయానికి క్విన్సీ వచ్చాడు కాబట్టి సరిపోయింది. రక్తంలో గ్రూపులుంటాయని లాండ్‌స్టైనర్ అనే శాస్త్రవేత్త 1901లో గానీ ప్రకటించలేదు. అప్పటిదాకా ఇచ్చేవాడు ధైర్యం గల మగవాడైతే చాలు, ఎవరికైనా సరిపడుతుందన్నమాట. అయినా లూసీ దక్కలేదు. తన రక్తం ఆమె ఒంట్లోకి వెళ్లినప్పటి నుంచి ఆమె తన భార్యే అనిపించిందని అంత్యక్రియలయ్యాక ఆర్థర్ అన్నాడు. మిగతా ముగ్గురు దాతలూ కిక్కురుమనలేదు. ఆ లెక్కన లూసీకి నలుగురు మొగుళ్లని గ్రహించిన వాన్ హెల్సింగ్ బండిలో తెరలు దించాల్సి వచ్చేంత పిచ్చిగా నవ్వాడు. పాపం, ఆ పిల్ల అడిగింది ముగ్గురినే.

వెల్లుల్లి పూల సంగతీ చెప్పాలి. పిశాచం రాకుండా ప్రొఫెసరు వాటిని ప్రత్యేకంగా తెప్పించి గదినిండా పెట్టాడు. ఎందుకో లూసీ తల్లికి చెప్పలేదు. ఆవిడకు గుండెజబ్బు, చెబితే తట్టుకోలేదట. ఆవిడ రాత్రి వచ్చి, ఈ కంపేమిటని పూలు తీసేసి, పిల్లకు గాలి తగలాలని కిటికీ తెరిచింది. చెప్పని విషయం తెలుసుకోకపోవడం ఎంత నిర్లక్ష్యం! ఈ తల్లే కూతురు బతికుండగానే ఆస్తి దాదాపు మొత్తం కాబోయే అల్లుడి పేరున రాసేసింది. పెళ్లయిన ఆడదాని ఆస్తి ఆమెదేనని 1882లో చట్టం వచ్చింది కదా, ఆ ఇబ్బంది ఆవిడ ముందుగానే తప్పించింది. మంచి ఇల్లాలు.

లూసీ పెళ్లి సెప్టెంబరు 28కి అనుకున్నారు. 29న పెళ్లికొడుకు సమాధిలో నిలబడి, చచ్చి పిశాచమైన ఆమె గుండెలో కొయ్య దిగగొట్టాడు. మిగతావాళ్లు చుట్టూ నిలబడి ప్రార్థన చదివారు. ముహూర్తం ఒక్క రోజు అటూ ఇటూ అయినా పెద్దలందరూ వచ్చారు. ఇన్ని ప్రాణాలు తీసిన కౌంటుకు చివర్లో కొయ్యా లేదు, ప్రార్థనా లేదు. రెండు కత్తులు తగిలాయి, దుమ్మయిపోయాడు. ముఖంలో ప్రశాంతత కూడా కనిపించిందట. మర్యాదస్తుడికి మర్యాదస్తుడి చావు. పెళ్లి గురించి చతుర్లాడిన పిల్లకైతే సుత్తి దెబ్బలు.

మీనా విషయానికొస్తే, ఆమె సంపూర్ణ స్త్రీ. బడిలో పాఠాలు చెప్పేది, షార్ట్‌హ్యాండ్ నేర్చింది, టైపు చేసేది, రైళ్ల వేళలు కంఠతా పట్టింది. అన్నీ భర్తకు పనికొస్తాయనే. అప్పట్లో లండన్ పత్రికలను, చదువుకుని సొంతంగా బతుకుతాననే 'కొత్త స్త్రీ' భయపెడుతుంటే, మీనా ఆ కొత్త స్త్రీ మీదే జోకులు వేసింది. డాక్టర్ సీవార్డ్ నెలల తరబడి డైరీని ఫోనోగ్రాఫులో మాట్లాడి దాచాడు. అందులో కావలసిన చోటు ఎలా వెతకాలో అతనికి ఎన్నడూ తట్టలేదు. మీనా అదంతా విని టైపు చేసింది. అందరి డైరీలూ ఉత్తరాలూ తేదీల వారీగా పేర్చి మూడేసి ప్రతులు తీసింది. పిశాచం ఎక్కడి నుంచి వచ్చింది, ఎక్కడ దాక్కుంది అన్నది అప్పుడు గానీ మగవాళ్లకు అర్థం కాలేదు.

సెప్టెంబరు 30 రాత్రి సీవార్డ్ ఆసుపత్రిలో సమావేశం. ఈమెది మగవాడి బుర్ర, ఆడదాని హృదయం అని వాన్ హెల్సింగ్ మెచ్చుకున్నాడు. మెచ్చుకుని, ఇకపైన నీకేమీ చెప్పం, వెళ్లి పడుకో అన్నాడు. ఆమెకు బాధేసినా పడుకుంది. మగవాళ్లు పక్కనున్న కౌంట్ ఇంట్లో తాళం తీసి, అతను పడుకోవడానికి తెచ్చుకున్న యాభై మట్టి పెట్టెలకు ఇరవై తొమ్మిదే ఉన్నాయని లెక్కపెట్టుకున్నారు. ఆ లోపు కౌంట్ మీనా గదిలోకి వచ్చాడు. పొద్దున ఆమె పాలిపోయి ఉంటే, అలసటేలే అనుకున్నాడు భర్త, ఇకముందు కూడా ఏమీ చెప్పకూడదని ఇంకా గట్టిగా నిశ్చయించుకున్నాడు. మీనా కూడా భర్త దిగులు పడతాడని తనకొచ్చే పీడకలలు దాచింది. ఆడదాని నోట్లో నువ్వుగింజ నానదంటారు. ఇక్కడ ఆరుగురి నోళ్లలోనూ చక్కగా నానాయి. అందరూ దాచడం నేర్చుకున్నాక లాభపడింది పిశాచం ఒక్కడే.

మీనా రక్తం తాగుతున్న సంగతి బయటపడిన రాత్రి కౌంట్ వాళ్ల కాగితాలన్నీ తగలబెట్టాడు. ఇనప్పెట్టెలో మరో ప్రతి ఉంది కాబట్టి బతికిపోయారు. ఆ ప్రతి ఎవరు టైపు చేశారో వేరే చెప్పనక్కర్లేదు, మగవాళ్లూ చెప్పలేదు. ఆఖరికి కౌంట్ ఏ నది మీదుగా ఇంటికి పారిపోతున్నాడో పటాలు చూసి తేల్చింది కూడా మీనాయే. అప్పుడు పెద్దమనుషులు లాంచీ మీదా గుర్రాల మీదా వీరోచితంగా బయల్దేరారు.

ఏడేళ్ల తర్వాత హార్కర్ దంపతులకు ఒక కొడుకు. వాడికి దండులోని మగవాళ్లందరి పేర్లూ కలిపి పెట్టారు, పిలవడం మాత్రం క్విన్సీ అని. తల్లి ఎంత ధైర్యవంతురాలో వాడికి పెద్దయ్యాక తెలుస్తుందిలే అని ప్రొఫెసరు దీవించాడు. ఇంత కథకూ సాక్ష్యం ఏదని వెతికితే, చివరి కొన్ని నోటు పుస్తకాలు తప్ప అసలు పత్రం అనదగ్గది ఏదీ లేదని, ఉన్నదంతా ఉత్త టైపు కాగితాల గుట్టేనని హార్కర్ రాశాడు. లాయరు మాట కదా, కాదనలేం.