రేడియేటర్ వెనుక కొలువుదీరిన ఎలక్ట్రిక్ ఫ్యాను దొరవారికి

శ్రీయుత ఎలక్ట్రిక్ ఫ్యాను దొరవారి సముఖమునకు,

వ్రాయునది ఏమనగా, తమరు నా పాత కారులో కొలువుదీరి నేటికి మూడు నెలలు. ఈ మూడు నెలల్లో బండి నడిపిన రోజులకన్నా దాని ముందు మూత ఎత్తుకుని వంగి నిలబడిన రోజులే ఎక్కువ. నా నడుము నొప్పిని తమ పద్దులో రాసి ఈ ఉత్తరం మొదలుపెడుతున్నాను.

తమకు ముందు ఆ పదవిలో ఒక ఇనుప ఫ్యాను ఉండేది. వాటర్ పంపు ఇరుసుకు బిగించిన నాలుగు రెక్కలు, వాటిని తిప్పడానికి ఒక బెల్టు, అంతే దాని సంసారం. తీగలు అడగలేదు, ఫ్యూజు అడగలేదు, ఒక్క పూట సెలవూ అడగలేదు. దానిలో ఉన్న దోషం ఒకటే. ఇంజను ఎంత వేగంగా తిరిగితే తానూ అంతే. బండి ఆగిపోయి, ఎదురుగాలి లేక, ఇంజను నీళ్లను చల్లార్చే రేడియేటర్ ఉడుకుతున్నప్పుడు తీరిగ్గా తిరిగేది. ఖాళీ రోడ్డు మీద గాలి తనంతట తానే జాలీలోకి దూసుకొస్తున్నప్పుడు మాత్రం పూనకం వచ్చినట్టు గిరగిరా తిరిగేది. ఫ్యాను వేగం రెట్టింపయితే అది మింగే శక్తి ఎనిమిది రెట్లవుతుంది. ఎవరూ అడగని గాలికి నా పెట్రోలు ఖర్చా అని కడుపు మండింది. పని ఉన్నప్పుడు ఒళ్లు వంచి, లేనప్పుడు నోరు మూసుకుని కూర్చునే మనిషి కావాలనుకున్నాను. అలా తమరు వేంచేశారు.

“నాలుగు బోల్టులు, రెండు తీగలు, ఒక్క మధ్యాహ్నం పని” అన్నారు తమను నాకు అమ్మినవారు. ఏ నెలలో ఏ మధ్యాహ్నమో వారు చెప్పలేదు. నేనూ అడగలేదు.

తమ కొలతలు అట్టపెట్టె మీద ఒకలా, బండిలో ఇంకొకలా ఉంటాయి. రెక్కల వెడల్పు చూసి కొన్నాను గానీ, మధ్యలో ఇంజను వైపుకు పొడుచుకొచ్చిన మోటారు పొట్ట సంగతి గమనించలేదు. రేడియేటర్‌కీ పంపు పుల్లీకీ మధ్య తమరు ఇరుక్కుంటే మిగిలిన సందులో నా చిటికెన వేలు పట్టలేదు. ఇంజను ఒక్కసారి ముందుకు ఊగితే తమకూ పుల్లీకీ ముఖాముఖి తప్పదు. సరే, బిగింపు సంగతి. రేడియేటర్ జాలీలోంచి నేరుగా దూర్చి బిగించమని ప్లాస్టిక్ పట్టీలు కూడా పెట్టెలోనే వచ్చాయి. వాటిని చూడగానే భయం వేసింది. బండి వణుకుతున్నంతసేపూ ఆ పట్టీలు పలుచటి రేకులను, వాటి పక్కనున్న నీటి గొట్టాలను రాస్తూనే ఉంటాయి. ఒక రోజు అక్కడినుంచే నీళ్లు కారతాయి. అందుకని ఇనుప పట్టీలు కోసి, రేడియేటర్ చట్రానికే బిగించాను. చుట్టూ రేకుతో ఒక గూడు కూడా కట్టాను. గూడు లేకపోతే తమరు తమ గుండ్రటి ముఖం ఉన్నంత మేరకే గాలి లాగుతారు, నాలుగు మూలలూ వేడిగానే మిగిలిపోతాయి. పోనీ, ఈ మర్యాదలన్నీ తమ హోదాకు తగినవే అనుకున్నాను.

తొలిసారి కనెక్షను ఇచ్చిన సాయంత్రం గుర్తుందా? ఇంజను వైపు కూర్చున్న తమరు గాలిని ముందునుంచి లోపలికి లాగాలి. పరీక్షగా ఒక పాత పేపరు ముక్కను రేడియేటర్ ముందు పెట్టాను. లాగేవారైతే అది జాలీకి అతుక్కోవాలి. తమరు దాన్ని నా ముఖం మీదికి విసిరారు. ప్లస్సు, మైనస్సు తారుమారయ్యాయి. ఇంజను వేడినంతా రేడియేటర్‌లోంచి బయటికి ఊదుతూ, ఎదురుగాలితో కుస్తీ పడుతూ, ఎంత నిష్ఠగా తిరిగారో! తప్పు నాదేలెండి. కానీ తప్పు దిక్కులో తిరిగేటప్పుడు కూడా అంత ఆత్మవిశ్వాసం ఎలా వస్తుందో తమరే చెప్పాలి.

ఆ తర్వాత నేను చేసిన తెలివితక్కువ పని దాచుకోను. చిన్న కరెంటుతో పెద్ద కరెంటును కలిపే స్విచ్, అదే రిలే, ఎందుకులే అని తమ తీగను ఇగ్నిషన్ స్విచ్ లైనుకే కలిపేశాను. పది నిమిషాలకు తాళంచెవి పట్టుకుంటే వేడినీళ్ల చెంబు పట్టుకున్నట్టుంది. తిరిగేటప్పుడు 20 ఆంపియర్లు, మొదలయ్యే క్షణంలో అంతకు రెండు మూడు రెట్లు, ముసలి స్విచ్ గుండా వెళ్తే అది ఇంకేం చేస్తుంది? పైగా కీ తిప్పి ఆపితే ఇంజను ఆగలేదు! కరెంటు పోయినా ఊపు మీద తిరుగుతున్న తమరు ఆ కాసేపు డైనమో అవతారం ఎత్తి, ఇంజనుకు నిప్పురవ్వ అందించే ఇగ్నిషన్ కాయిలుకు ఎదురు కరెంటు పంపారు. చేతిలో తాళంచెవి, ఎదురుగా నడుస్తున్న ఇంజను. నా బండిలో నా మాట చెల్లని రోజది.

అప్పుడు తమకు సిబ్బందిని నియమించాను. ముందుగా ఒక రిలే. దాని 85, 86 పిన్నులకు ఆంపియర్‌లో ఐదో వంతైనా లేని కరెంటు చాలు. అది లోపల మీట నొక్కితే 30వ పిన్ను నుంచి 87వ పిన్నుకు అసలు కరెంటు పారుతుంది. అంటే దొరగారి గది తలుపు తీయడానికే ఒక బంట్రోతు. తర్వాత బ్యాటరీ పక్కనే ఒక ఫ్యూజు, వేలు లావు తీగ, ఎర్తు కోసం పెయింటు గీకి తళతళలాడించిన చాసిస్ ముక్క. పాత ఫ్యాను జీవితమంతా చేసిన ఖర్చుకన్నా తమరు కుర్చీలో కూర్చోకముందే చేయించిన ఖర్చు ఎక్కువ.

ఇక అసలు లెక్క. ఇంజను తిరుగుతుంటే కరెంటు పుట్టించే నా బండి ఆల్టర్నేటర్ వయసులో ఉండగా ఇచ్చింది 35 ఆంపియర్లు. తమరు 20. హెడ్‌లైట్లు సుమారు 10. వైపర్లు, ఇగ్నిషన్ కలిపి మరో ఎనిమిదో తొమ్మిదో. వానపడే రాత్రి కూడిక చేసి చూడండి. మిగతాది బ్యాటరీ చేబదులు ఇస్తూ ఉండాలి. దీనిలో చమత్కారం ఏమిటంటే, బండి ఆగి ఇంజను నెమ్మదించినప్పుడే ఆల్టర్నేటర్ సంపాదన కూడా పడిపోతుంది. సరిగ్గా అప్పుడే తమకు ఆకలి! ఆగిన బండిలో బద్ధకించిందని పాత ఫ్యానును పంపించేస్తే, ఆ బద్ధకం వెళ్లి ఆల్టర్నేటర్‌లో కూర్చుంది. తమరు “గుర్ర్” మని మొదలవగానే హెడ్‌లైట్లు ఆముదం దీపాల్లా కుంగిపోవడం నా కళ్లతో చూశాను. కొత్త ఆల్టర్నేటర్ వచ్చింది. దాని ఖర్చు ఇంట్లో ఏ పేరుతో చెప్పానో ఈ ఉత్తరంలో రాయను.

తమను ఎప్పుడు నిద్ర లేపాలో చెప్పే వేడి స్విచ్‌తోనూ ఒక వారం ఆడాను. ఎంత చల్లగా ఉంటే అంత మంచిదని 80 డిగ్రీలకు పెట్టాను. వేడెక్కిన నీళ్లను రేడియేటర్‌కు వదిలే తలుపు, ఇంజనులోని థర్మోస్టాట్, తెరుచుకునేదే 82 దగ్గర! రేడియేటర్‌కు వచ్చే నీళ్లే 82 మీద వస్తుంటే తమరు ఎప్పటికి ఆగేట్టు? పొద్దస్తమానం తిరిగారు. పని ఉన్నప్పుడే తిరగాలని తెచ్చుకున్నవారిని నేనే వెట్టిచాకిరిలో పెట్టానన్నమాట. ఇప్పుడు 92 కు లేస్తారు, 87 కు పడుకుంటారు. దీనిలో మాత్రం తమ సమయపాలనను వేలెత్తి చూపలేను.

ఇంత చేశాక దర్జాగా రోడ్డెక్కాను. నిలిచిన చోట ఇంజను వేడి చూపే ముల్లు బుద్ధిగా ఉంది. తమకు చేతులెత్తి మొక్కాను. వేగం పెరిగి అరగంట గడిచాక ముల్లు ఎర్రగీత వైపు నడక మొదలుపెట్టింది. మొదట తమనే తిట్టాను, క్షమించండి. అంత ఎదురుగాలిలో ఫ్యాను ఉన్నా లేకపోయినా ఒకటే కదా అన్న సంగతి రోడ్డు పక్కన నిలబడ్డాక తట్టింది. ఆగినప్పుడు వేడెక్కితే గాలి లోపం, పరుగులో వేడెక్కితే నీటి దారి లోపం. ఇంజను ఆపి, రేడియేటర్ మీద పైనుంచి కిందికి అరచేయి జరుపుకుంటూ వచ్చాను. పైభాగం చెయ్యి పెట్టలేనంత వేడి. కింద కుడిమూల చల్లగా, చచ్చిన చేపలా ఉంది. ఆ గొట్టాల్లో నీళ్లు పారి ఎన్నాళ్లయిందో! విప్పి తిరగేసి నీళ్లు కొట్టిస్తే తుప్పు రంగు బురద దోసిళ్లకొద్దీ వచ్చింది.

అంటే తమరు రాకముందు రెండేళ్లుగా నేను పాత ఫ్యాను మీద వేసిన నిందల్లో సగానికి పైగా ఆ బురదకు చెందాల్సినవి. ఆ ఇనుప ఫ్యాను ఇప్పుడు షెడ్డులో మేకుకు వేలాడుతోంది. అటు వెళ్లినప్పుడల్లా నా చూపు నేలమీదే ఉంటుంది.

రేడియేటర్ కడిగాక తమకు పని బాగా తగ్గింది. రోజుకు రెండుసార్లు లేచి, కాసేపు గాలి విసిరి పడుకుంటున్నారు. బండి ఆపాక మాత్రం తమకెక్కడలేని కర్తవ్యదీక్ష వస్తోంది. కీ తీస్తాను, ఇంజను ఆగుతుంది, దానితోపాటే పంపూ ఆగుతుంది, నీళ్లు దాదాపు కదలవు. ఆ నిలవ నీళ్లకు చీకట్లో ఒంటరిగా విసనకర్ర విసురుతుంటారు. ఆ కరెంటు బ్యాటరీది. పొద్దున బండి స్టార్ట్ చేయాల్సింది కూడా అదే. అందుకని తమరు ఆగేదాకా నేను సీటులోంచి లేవడం లేదు. దయచేసి కాస్త త్వరగా ముగించవలసిందిగా మనవి.

ఇట్లు,
తమ విధేయుడు,
బండి యజమాని, బ్యాటరీ తరఫున కూడా

తా.క.: ఇది రాస్తుండగానే తమరు ఆగారు. సంతోషించి, దిగి, షెడ్డు తలుపుకు గడియ వేస్తుంటే ఇంజనులో మిగిలిన వేడి పైకి పొంగిందో ఏమో, లోపల మళ్లీ “గుర్ర్” మన్నారు. గడియ తీస్తున్నాను.