అమ్మ బీటెక్, పిల్లాడి హోంవర్కు

సంబంధాలు చూసేటప్పుడు కోడలికి బీటెక్ ఉండాలంటారు, ఎంటెక్ అయితే మరీ మంచిదంటారు. ఉద్యోగం దగ్గరికొచ్చేసరికి మాత్రం "చేసినా సరే, చేయకపోయినా సరే, మాకేం పట్టింపు లేదు" అంటారు. ఆ పెద్దమనసుకు మురిసిపోయే అమ్మాయి తల్లిదండ్రులు ఒక్క మాట అడగరు. ఉద్యోగం అక్కర్లేనప్పుడు బీటెక్ ఎందుకు అడిగినట్టు?

నన్నడిగితే, పుట్టబోయే పిల్లలకు ఇంట్లోనే ట్యూషన్ చెప్పడానికి.

చదువుకుంటే చాలు, ఆడపిల్లలు ఉద్యోగాల్లో నిలబడతారని చాలాకాలం నమ్మాం. ఇవాళ కాలేజీల్లో దాదాపు సగం అమ్మాయిలే. పనిచేసే, పని వెతుక్కునే మహిళల శాతం కూడా 2017-18లోని 23.3 నుంచి 2023-24కి 41.7కి పెరిగిందని కేంద్రం చెబుతోంది. ఆ పెరుగుదలలో ఎక్కువ భాగం పల్లెల్లోనే వచ్చింది. అందులోనూ సొంత పొలంలో, ఇంటి కొట్టులో జీతం లేకుండా చేసే చాకిరీ చాలా ఉంది. దాన్ని చూసి చప్పట్లు కొట్టలేం.

మిక్సీలు, వాషింగ్ మెషీన్లు, ఆన్‌లైన్ ఆర్డర్లు వచ్చి ఇంటిపని తగ్గిందనే మాట కూడా వింటుంటాం. ప్రభుత్వ సర్వే ప్రకారం ఇంటిపని చేసే మహిళలు 2019లో దానికి రోజుకు 299 నిమిషాలు పెట్టేవారు. 2024లో 289. ఐదేళ్లలో తగ్గింది పది నిమిషాలు. మగవాళ్లు ఊరుకుంటారా? 97 నుంచి 88కి వాళ్లూ తగ్గించుకున్నారు.

ఇక పిల్లల చదువు సంగతి. రాత్రి తొమ్మిదింటికి క్లాస్ వాట్సాప్ గ్రూపులో మెసేజ్ వస్తుంది, రేపటికి సౌర కుటుంబం మోడల్ తేవాలని. థర్మాకోల్ కోసం పరిగెత్తేసరికి కింద స్టేషనరీ షాపు షట్టర్ దించేస్తుంటారు. శనిగ్రహం వలయానికి పాత సీడీ ఒకటి వెతకాలి. మూడో తరగతి పిల్లాడు అప్పటికే నిద్రపోయాడు. మోడల్ చేసేది అమ్మ, మార్కులు వాడికి, పేరు స్కూలుకి. మర్నాడు పొద్దున తొమ్మిదిన్నరకి ఆమెకు ఆఫీసులో మీటింగ్. ఇలా ఎన్నాళ్లు లాగుతుంది?

"ఆమే ఇష్టపడి మానేసింది, ఎవరూ బలవంతం చేయలేదు" అనేవాళ్లున్నారు. కావచ్చు. ఒకే కాలేజీలో చదివి, ఒకే క్యాంపస్ సెలెక్షన్లో ఉద్యోగం తెచ్చుకున్న ఇద్దరిలో ఆ ఇష్టం ప్రతిసారీ ఆమెకే ఎందుకు పుడుతుందో వాళ్లే చెప్పాలి. అమెరికా సంబంధమైతే ఇంకా ఇరుకు. ఉద్యోగ వీసా మీద ఉన్న భర్త వెంట హెచ్4 వీసా మీద వెళ్లిన అమ్మాయికి, అతని గ్రీన్‌కార్డు ప్రాసెస్ కొంత దూరం నడిచేదాకా పని చేసే అనుమతే రాదు. ఆ వెసులుబాటైనా 2015లో వచ్చిందే.

2017 చట్ట సవరణ ప్రసూతి సెలవును 26 వారాలు చేసింది, యాభై మంది, అంతకు మించి పనిచేసే సంస్థలో పసిపిల్లల్ని చూసుకునే క్రెష్ ఉండాలంది. మంచిదే. కానీ చట్టం పసిపాప దగ్గరే ఆగిపోయింది. నేను చూసినంతలో చాలామంది తల్లులు మానేసేది పిల్లాడు ఒకటో తరగతికో, పదో తరగతికో వచ్చినప్పుడు.

అసలు దోషి నా దృష్టిలో మన ప్రైవేటు స్కూళ్లు. అవి నడిచేది తల్లుల ఉచిత శ్రమ మీద. లక్షల్లో ఫీజు కట్టించుకుని, పాఠం మాత్రం ఇంటికి పంపిస్తాయి. తల్లిదండ్రులను ఇంటర్వ్యూ చేయకూడదని విద్యా హక్కు చట్టం 2009లోనే చెప్పింది. అయినా అడ్మిషన్ రోజున "మదర్ ఏం చదివారు? ఇంట్లోనే ఉంటారా?" అనే ప్రశ్న తప్పదు. రెండో తరగతి దాకా హోంవర్కే వద్దని, మూడు నుంచి ఐదు దాకా వారానికి రెండు గంటలు మించొద్దని 2020 స్కూల్ బ్యాగ్ పాలసీ అంది. దాన్ని పట్టించుకున్న స్కూలు ఒక్కటి చూపించండి. మధ్యాహ్నం మూడున్నరకు పిల్లల్ని వ్యాన్ ఎక్కించే బదులు, కట్టిన ఫీజుకు సాయంత్రం ఆరు దాకా అక్కడే ఉంచి, అక్కడే చదివించి పంపమనండి. బడి సంచీ ఎన్ని కిలోలుందో తూచే విద్యాశాఖ అధికారులు, అదే సంచీలోని డైరీ కూడా ఒకసారి తెరిచి చూడాలి.