ఎగిరిపోయిన ఎనిమిది

మా బావమరిది గృహప్రవేశంలో మొదటి బంతి ఎంతకీ లేవడం లేదు. పిల్లలు ఆకలితో ఒకరి జుట్టు ఒకరు పట్టుకునే దాకా వచ్చారు. వాళ్లను మరిపించే పని నా మీద పడింది. నేను లెక్కల మాస్టారిని కాను, కానీ నా దగ్గర ఒక సంఖ్య ఉంది. కోటీ ఇరవై మూడు లక్షల పైచిలుకు. ఇలాంటి అవసరాలకే ఏళ్లుగా దాచుకున్నాను.

"నీకిష్టమైన అంకె చెప్పు" అన్నాను మేనకోడలితో.

"ఏడు."

ఏడు తొమ్ముదులు అరవై మూడు. "నేను చెప్పే సంఖ్యను 63తో గుణించు. ఫోను నిండా ఏడులే!"

ఒకటి, రెండు, మూడు అంటూ తొమ్మిది దాకా ధాటిగా చదివాను. పిల్ల నొక్కింది. 7777777707.

"మామయ్యా, ఈ సున్నా ఏమిటి?"

ఎనిమిది ఏడుల తరవాత, పప్పన్నంలో రాయిలా, సున్నా. ఫోను పాతదై ఉంటుందన్నాను. పోయిన వారమే కొన్నామని వాళ్ల నాన్న వంటశాలలోంచి అరిచాడు.

అప్పుడు గుర్తొచ్చింది. అందులో ఎనిమిది ఉండకూడదు! 12345679. కిటుకంతా అదే. కానీ ఒకటో తరగతిలో బెత్తం భయంతో వచ్చిన వరస అది, ఎనిమిదిని దాటమంటే నాలుక వింటుందా? ఈసారి ఒక్కో అంకే కూడబలుక్కుని చెప్పాను. 777777777 వచ్చింది.

చప్పట్లు కొడతారనుకున్నాను. అందరికంటే చిన్నవాడు మాత్రం "ఎనిమిది ఏం తప్పు చేసింది?" అన్నాడు.

పాపం, ఏమీ చెయ్యలేదు. పైగా అదే సంఖ్యను 72తో గుణిస్తే తొమ్మిది ఎనిమిదులు బారులు తీరతాయి. 1ని 81తో భాగించి చూడండి, 0.012345679 అని వచ్చి మళ్లీ సున్నా నుంచి మొదలవుతుంది. అసలు సున్నా, ఒకటి, రెండు అంటూ సంఖ్యలన్నీ తలా ఒక కుర్చీలో వరసగా కూర్చోవలసినవే. పేచీ అంతా పదితో. దానికి రెండంకెలు, ఒక కుర్చీలో పట్టదు. సున్నాను తన చోట ఉంచి, ఒకటిని తొమ్మిది మీదికి తోస్తుంది. తొమ్మిది పదై, తనూ సున్నా మిగుల్చుకుని, ఒకటిని ఎనిమిది మీదికి తోస్తుంది. ఎనిమిది కాస్తా తొమ్మిదవుతుంది.

"కావాలంటే ఆ కుర్చీలు చూడండి" అని రెండో బంతి వైపు తిరిగాను. ఎనిమిదో కుర్చీ మీద నా కండువా వేసి వచ్చాను లెండి. పదో కుర్చీలో పెద్దమామయ్యగారు మనవడితో సహా కూర్చోబోయి, పట్టక, వాణ్ని తొమ్మిదో కుర్చీలోకి జరిపారు. తొమ్మిదిలో ఉన్న పెద్దమనిషి లేచి, నా కండువా మీద కూర్చుని, పప్పులో నెయ్యి కలుపుకుంటున్నాడు.

"మామయ్యా, అర్థమైంది!" అంది మేనకోడలు, నా వైపు చూస్తూ.

మూడో బంతి వేళకు గుత్తి వంకాయ అయిపోయింది.