జనరల్ గారి జట్టు

ఒకే దేశపు సైన్యమూ వైమానిక దళమూ ఫుట్‌బాల్ మైదానంలో తలపడితే తప్పేముంది? పైకి చూస్తే ఏమీ లేదు. కుర్రాళ్లకు ఉద్యోగం దొరుకుతుంది, వేళకు జీతం పడుతుంది, మంచి గ్రౌండు ఉంటుంది, మోకాలు పట్టేస్తే చూడ్డానికి డాక్టరుంటాడు. చాలా దేశాల్లో ఆట నిలదొక్కుకున్నదే ఇలాంటి జట్ల భుజాల మీద. దాన్ని మేము కాదనడం లేదు. మా పేచీ మరోచోట ఉంది. డబ్బు మాత్రమే ఉన్న యజమాని ఆటగాణ్ని కొనుక్కోవాలి. బేరం కుదరకపోతే ఆటగాడు రానని చెప్పొచ్చు. సైన్యంలో చేరమనే తాఖీదు, బదిలీ ఉత్తర్వు, అవసరమైతే జైలు తాళం కూడా యజమాని చేతిలోనే ఉంటే ఇక బేరమెక్కడిది?

రెండో ప్రపంచ యుద్ధం తర్వాతి మాస్కోను చూస్తే ఈ సంగతి కళ్లకు కడుతుంది. సైన్యం జట్టు సీడీకేఏ అప్పట్లో తిరుగులేనిది. 1946 నుంచి 1951 దాకా ఆరు సీజన్లలో ఐదుసార్లు లీగ్ దానిదే. వైమానిక దళానికి వీవీఎస్ అనే వేరే జట్టు ఉండేది. దాన్ని నడిపింది మాస్కో సైనిక మండలంలో వైమానిక దళాల అధిపతి వసీలీ, సాక్షాత్తూ స్టాలిన్ కొడుకు. ఇక రహస్య పోలీసుల జట్టు డైనమో. దానికి పెద్ద దిక్కు లావ్రెంతీ బెరియా. ముగ్గురూ ప్రభుత్వమే, ముగ్గురి ఖర్చూ ఒకే ఖజానాది. అయినా ఒకరి జట్టు గెలిస్తే మరొకరికి నిద్ర పట్టేది కాదు. సీడీకేఏ మేటి ఫార్వర్డ్ వ్సెవొలోద్ బోబ్రోవ్ కొన్నాళ్లకు వీవీఎస్‌లో తేలాడు.

ఆటగాళ్ల సంగతి అలా ఉంచి, ఒక కోచ్ కోసం జరిగిన లాగులాట చూడండి. స్పార్టక్ క్లబ్‌ను నిలబెట్టిన నికొలాయ్ స్టారోస్తిన్‌ను, అతని ముగ్గురు తమ్ముళ్లను 1942లో అరెస్టు చేశారు. తలా పదేళ్ల శిక్ష. నికొలాయ్ దూర ప్రాచ్యంలోని నిర్బంధ శిబిరంలో ఉండగా, వసీలీకి మంచి కోచ్ కావలసి వచ్చి, విమానంలో మాస్కోకు రప్పించాడు. బెరియా మనుషులు వచ్చి 24 గంటల్లో ఊరు వదిలి పొమ్మన్నారు. వసీలీ పట్టుదలకు పోయి అతన్ని తన బంగళాలోనే పెట్టుకున్నాడు. రాత్రిళ్లు ఇద్దరూ ఒకే మంచం మీద పడుకునేవారనీ, వసీలీ తలగడ కింద రివాల్వర్ ఉండేదనీ స్టారోస్తిన్ తర్వాతి కాలంలో తన జ్ఞాపకాల్లో చెప్పుకున్నాడు. చివరికి బెరియాదే పైచేయి అయింది. స్టారోస్తిన్‌కు మళ్లీ ప్రవాసం, ఈసారి కజకిస్తాన్. మరో దేశంలో అయితే రెండు క్లబ్‌ల మధ్య నాలుగు ఉత్తరాలతో తేలిపోయే వ్యవహారం ఇది.

1950 జనవరిలో వీవీఎస్ ఐస్ హాకీ జట్టును తీసుకెళ్తున్న విమానం స్వెర్ద్‌లోవ్‌స్క్ దగ్గర మంచు తుపానులో కూలిపోయింది. 11 మంది ఆటగాళ్లతో కలిపి 19 మంది పోయారు. ఆ వార్తను బయటికి పొక్కనివ్వలేదు. చనిపోయినా చెప్పుకోకూడని జట్టు అది.

గెలిచినంతకాలం నెత్తిన పెట్టుకున్న చెయ్యే ఓడినప్పుడు గొంతు పట్టుకుంది. 1952 హెల్సింకి ఒలింపిక్స్‌లో సోవియట్ జట్టు యుగోస్లావియాతో 5-5 డ్రా చేసి, మళ్లీ ఆడిన మ్యాచ్‌లో 1-3తో ఓడింది. ఆ దేశ నేత టిటోకూ స్టాలిన్‌కూ అప్పటికే పచ్చగడ్డి వేస్తే భగ్గుమంటోంది. ఒలింపిక్ జట్టు కోచ్ బోరిస్ అర్కాదియెవ్ సైన్యం క్లబ్‌కూ కోచ్ కావడంతో కోపమంతా ఆ క్లబ్ మీద పడింది. ఒలింపిక్ జట్టులో ఉన్నవాళ్లంతా ఆ క్లబ్ ఆటగాళ్లేమీ కారు. అయినా దేశంలోకెల్లా గొప్ప జట్టును సీజన్ మధ్యలో రద్దు చేసి పారేశారు. మరుసటి ఏడాది స్టాలిన్ పోయాడు, కొడుకు జైలుకు వెళ్లాడు, వీవీఎస్ అడ్రస్ లేకుండా పోయింది. ఆడింది ఆట, పాడింది పాట అన్నట్టు నడిచినవాళ్లకు ఆట ఎప్పుడు ఆగుతుందో తెలియలేదు.

ఇక్కడ ఒక వాదన వినిపిస్తుంది, దాన్ని తేలిగ్గా తీసెయ్యలేం. హంగరీలో 1949లో కిష్‌పెష్ట్ క్లబ్‌ను రక్షణ శాఖ తీసుకుని హోన్‌వేద్‌గా మార్చింది. పుష్కాష్, బోజిక్ అప్పటికే అక్కడున్నారు. కోచిష్, జిబోర్ లాంటివాళ్లు ఇతర క్లబ్‌ల నుంచి వచ్చి చేరారు. సైన్యం పిలిస్తే రానని ఎవరంటారు? రోజూ కలిసి ఆడిన ఆ బృందమే వెన్నెముకగా హంగరీ 1953లో వెంబ్లీలో ఇంగ్లండ్‌ను 6-3తో చిత్తు చేసింది. బలవంతమే కావచ్చు, ఫలితం వచ్చింది కదా అంటారు. వచ్చింది, నిజమే. మూడేళ్ల తర్వాత, 1956లో హంగరీలో కమ్యూనిస్టు పాలన మీద తిరుగుబాటు జరిగిన సమయంలో ఆ జట్టు విదేశంలో ఉంది. పుష్కాష్, కోచిష్, జిబోర్ ముగ్గురూ అప్పుడు ఇంటికి తిరిగి వెళ్లలేదు. తలుపు తెరిచి కనిపించగానే నడిచి వెళ్లిపోయిన ఆటగాళ్లను ఆ లెక్కలో ఏ పద్దు కింద రాయాలి?

తూర్పు జర్మనీలోనైతే ఆటగాళ్లనే కాదు, ఏకంగా క్లబ్‌లనే బదిలీ చేశారు. సైన్యం జట్టు ఫోర్‌వేర్ట్స్‌ను 1953లో లైప్‌జిగ్ నుంచి బెర్లిన్‌కు, 1971లో బెర్లిన్ నుంచి పోలండ్ సరిహద్దులోని ఫ్రాంక్‌ఫర్ట్‌కు తరలించారు, ఆఫీసరుకు పోస్టింగ్ మార్చినట్టు. ప్రతి ఆదివారం స్టాండ్స్‌లో గొంతు చించుకున్న అభిమానిని ఒక్క మాట అడిగినవాడు లేడు. ఇదంతా కమ్యూనిస్టు దేశాల జబ్బే అనుకునేవారికి నియంత ఫ్రాంకో నాటి స్పెయిన్‌ను గుర్తు చేయాలి. అంతర్యుద్ధం ముగిసిన 1939లో వైమానిక దళం జట్టుతో విలీనమై అట్లెటికో ఏవియేషన్‌గా మారిన క్లబ్ వెంటనే రెండు లీగ్‌లు గెలిచింది. అదే నేటి అట్లెటికో మాడ్రిడ్.

మాకు అన్నిటికన్నా బాధ కలిగించేది బుకారెస్ట్ ఉదంతం. సైన్యం క్లబ్ స్టేవా 1986లో సెవిల్లేలో బార్సిలోనాను పెనాల్టీల్లో ఓడించి యూరోపియన్ కప్ గెలిచింది. గోల్‌కీపర్ డుకాడమ్ వరుసగా నాలుగు పెనాల్టీలు ఆపాడు. అక్కడ రొమేనియా జనరళ్ల మాట చెల్లదు, రిఫరీకి వాళ్లతో పనిలేదు. కల్తీలేని విజయం అది. రెండేళ్ల తర్వాత సొంత దేశంలో కప్ ఫైనల్. ఎదురుగా హోం శాఖ జట్టు బుకారెస్ట్ డైనమో. స్కోరు 1-1. చివరి నిమిషంలో బలింట్ కొట్టిన గోల్‌ను ఆఫ్‌సైడ్ అన్నారు. స్టేవా జట్టు మైదానం వదిలి వెళ్లిపోయింది. ఆ క్లబ్ వెనక ఉన్నది నియంత చౌషెస్కూ కొడుకు వాలెంటిన్. మామూలుగా మధ్యలో వెళ్లిపోయిన జట్టు ఓడినట్టే. ఇక్కడ మాత్రం తర్వాత ఆ గోల్‌ను చెల్లుతుందని తేల్చి, కప్పు స్టేవాకే ఇచ్చారు. లీగ్‌లో వరుసగా 104 మ్యాచ్‌లు ఓడకుండా నిలిచిన జట్టు అది. అందులో కాళ్ల సత్తాతో గెలిచినవెన్ని, ఫోన్ కాల్స్‌తో గెలిచినవెన్ని అన్నది ఇప్పుడు తేల్చగలిగేవారు లేరు. నిజంగా గొప్పగా ఆడిన ఆటగాళ్ల చెమటకు కూడా మచ్చ అంటింది. యజమానులు చేసిన అసలు అన్యాయం ప్రత్యర్థికి కాదు, సొంత జట్టుకే.

అలాగని సైనిక జట్లన్నిటినీ ఒకే గాటన కట్టడం కూడా పొరపాటే. ఇరాక్ వైమానిక దళం క్లబ్ అల్ కువా అల్ జవియా 1931లో పుట్టింది. 2016లో దోహాలో జరిగిన ఏఎఫ్‌సీ కప్ ఫైనల్లో మన బెంగళూరు ఎఫ్‌సీని 1-0తో ఓడించింది. ఆ తర్వాతి రెండేళ్లూ కప్పు దానిదే. తటస్థ రిఫరీలు, ఎవరికీ అనుమానం రాలేదు.

మన డ్యూరాండ్ కప్ మొదలైందే పటాలాల పోటీగా. 1888లో దగ్‌షాయ్ కంటోన్మెంట్‌లో రాయల్ స్కాట్స్ ఫ్యూజిలియర్స్ 2-1తో హైలాండ్ లైట్ ఇన్‌ఫాంట్రీ మీద గెలిచింది. మహమ్మడన్ స్పోర్టింగ్ రూపంలో ఒక భారతీయ పౌర జట్టు ఆ కప్పు ఎత్తడానికి 1940 దాకా ఆగాల్సి వచ్చింది. స్వాతంత్ర్యం తర్వాత మద్రాస్ రెజిమెంటల్ సెంటర్, గూర్ఖా బ్రిగేడ్ రెండేసిసార్లు గెలిచాయి. రెజిమెంటల్ సెంటర్ గోల్ కాసిన పీటర్ తంగరాజ్ రెండు ఒలింపిక్స్‌కు వెళ్లొచ్చాడు. రాష్ట్రాల జట్ల పోటీ సంతోష్ ట్రోఫీలో సాయుధ బలగాల జట్టు సర్వీసెస్ 2023-24లో గోవాను ఓడించి ఏడోసారి విజేత అయింది. డ్యూరాండ్‌ను ఇప్పటికీ సాయుధ బలగాలే నిర్వహిస్తాయి, ఆర్మీ, నేవీ, ఎయిర్‌ఫోర్స్ జట్లూ అందులో ఆడతాయి. అయినా మోహన్ బగాన్ 17 సార్లు, ఈస్ట్ బెంగాల్ 16 సార్లు గెలిచాయి. 2016లో ఆర్మీ గ్రీన్ గెలిచింది కూడా పెనాల్టీల దాకా వెళ్లి, చచ్చీచెడీ. టోర్నీ పెట్టినవారే తరచూ ఓడిపోతున్నారంటే ఆ టోర్నీకి అంతకన్నా మంచి సర్టిఫికెట్ ఉండదు. ఇక్కడ సైన్యంలో చేరడం ఎవరి ఇష్టం వారిది, రిఫరీ సైన్యం ఉద్యోగి కాదు. తేడా అంతా ఈ రెండిట్లోనే ఉంది.

మరో చిక్కు గురించి ఎవరూ పెద్దగా మాట్లాడరు. ఒకే యజమాని చేతిలోని రెండు క్లబ్‌లు ఒకే పోటీలో ఆడకూడదని యూరప్ ఫుట్‌బాల్ సమాఖ్య నియమం. 2025లో ఎఫ్ఏ కప్ గెలిచిన క్రిస్టల్ ప్యాలెస్‌ను యూరోపా లీగ్ నుంచి కిందిస్థాయి కాన్ఫరెన్స్ లీగ్‌కు దించింది ఈ నియమమే, ఒకే పెట్టుబడిదారుకు అందులోనూ ఫ్రాన్స్‌లోని లియాన్‌లోనూ వాటాలున్నందుకు. అలాంటప్పుడు శ్రీలంక లాంటి చోట్ల (2019 దాకా థాయ్‌లాండ్‌లోనూ) సైన్యం, నౌకాదళం, వైమానిక దళం జట్లు ఒకే లీగ్‌లో ఆడితే, వాటన్నిటి పైనా ఉన్నది ఒకే రక్షణ శాఖ కాదా? సీజన్ ఆఖరి రోజున ఒక జట్టుకు కిందికి జారకుండా ఒక్క పాయింటు కావాలి, రెండో జట్టుకు పోయేదీ వచ్చేదీ లేదు. పైఆఫీసరు నోరు విప్పక్కర్లేదు, గ్యాలరీలో కూర్చుంటే చాలు. యూరప్‌లో ప్రైవేటు వాటాదారును పట్టుకునే నియమం ఇతర ఖండాల్లో ప్రభుత్వ శాఖల దగ్గరికి వచ్చేసరికి మొహం చాటేయడం సరికాదు.

ఈ క్లబ్‌లను మూసేయమని మేము అడగడం లేదు. 2019 సీజన్‌తో థాయ్‌లాండ్‌లో ఆర్మీ యునైటెడ్, ఎయిర్‌ఫోర్స్ యునైటెడ్ రెండూ తెర దించేసినప్పుడు నష్టపోయింది ఆటగాళ్లు, అభిమానులే. మేము అడిగేది చిన్నది, చేయదగ్గది. నిర్బంధ సైనిక సేవ ఉన్న దేశాల్లో ఆ సేవ కింద వచ్చిన ఆటగాడు ఏ జట్టుకు ఆడాలో అతనే తేల్చుకోవాలి. సైనిక ఉద్యోగంలో ఉన్న ఆటగాడికి పెద్ద క్లబ్ పిలుపు వస్తే వదిలిపెట్టే షరతులు ముందే కాగితం మీద ఉండాలి. సైనిక జట్ల మ్యాచ్‌కు రిఫరీలను క్లబ్‌లతో సంబంధం లేనివారు ఎంపిక చేయాలి. ఒకే శాఖ కింది జట్లు ఒకే లీగ్‌లో ఉంటే, వాటి మధ్య మ్యాచ్‌లను పాయింట్ల లెక్కలు ఇంకా మొదలుకాని తొలి వారాల్లోనే ముగించేలా లీగ్‌లు షెడ్యూలు వేయాలి.