శాలువాలు చాలు, గవ్వలు తీయండి

అక్టోబరు 1 వస్తోందంటే మా కాలనీ సంఘానికి పెద్దలు గుర్తొస్తారు. షామియానా, మైకు, ముందు వరసలో ప్లాస్టిక్ కుర్చీలు. వృద్ధుల దినోత్సవం జరపాలని ఐక్యరాజ్యసమితి 1990లో తీర్మానించింది కానీ, ఇంత నీరసంగా జరపమని ఎక్కడా చెప్పలేదు. పిల్లలు డ్యాన్సు చేస్తారు, ఆ పాట పెద్దలకు తెలియదు. పెద్దలు మైకు అందుకుని "మా కాలంలో" అని మొదలుపెడతారు, అప్పటికి పిల్లలు ఫోన్లలో తలదూర్చి ఉంటారు. శాలువా, ఫోటో, ఉప్మా. రెండు తరాలను కలిపేశామని మర్నాడు వాట్సాప్‌లో ఒకరినొకరు అభినందించుకోవడం.

ఉప్మాతో నాకు పేచీ లేదు. ఏడాదికోసారి పెద్దవాళ్లను కుర్చీలో కూలేసి ప్రేక్షకులను చేస్తున్నారే, అదిగో, దానితోనే.

మొన్న వేసవి సెలవుల్లో ఏ సంఘమూ పూనుకోకుండానే మా పార్కులో ఒక మామ్మగారు సుద్దముక్కతో గచ్చు మీద అష్టాచెమ్మా గళ్లు గీశారు. గవ్వలు లేవు. చింతపిక్కలను ఒకవైపు తెల్లబడేదాకా గచ్చుకేసి ఎలా అరగదీయాలో చూపించారు. గంట తిరిగేసరికి ఆరో తరగతి పిల్లాడొకడు ఆవిడతో గొడవకు దిగాడు. "ఒక్క కాయనూ చంపకుండా లోపలి గళ్లలోకి ఎలా వెళ్తారు మామ్మగారూ?" "మా ఊళ్లో వెళ్లొచ్చురా!" ఊరికో నియమం ఉన్న ఆట అది, ఇద్దరిదీ న్యాయమే. వాడు ఆవిడ మీద జాలిపడలేదు, ఆవిడ వాడికి నీతులు చెప్పలేదు. చిత్తుగా ఓడించారు. మర్నాడు వాడు మరో ఇద్దరిని వెంటేసుకొచ్చాడు.

అవసరం రెండువైపులా ఉండాలండీ. నెదర్లాండ్స్‌లోని డెవెంటర్ పట్టణంలో హ్యుమానిటాస్ అనే వృద్ధాశ్రమం విద్యార్థులకు అద్దె లేకుండా గదులిచ్చింది. బదులుగా వాళ్లు నెలకు 30 గంటలు అక్కడి పెద్దలకు మంచి ఇరుగుపొరుగుగా మెలగాలి. అంతే, లెక్క సరి. మన బతుకమ్మలో ఉన్నదీ ఇదే లెక్క. తంగేడు, గునుగు కోసుకొచ్చే కాళ్లు చిన్నవాళ్లవి. పాట ఎత్తుకునే గొంతు అవ్వది, ఆమె ఎత్తుకుంటేనే మిగతావాళ్లు అందుకుంటారు. ఇప్పుడు చాలాచోట్ల సౌండుబాక్సు పెట్టి ఆ అవ్వకు పని లేకుండా చేశారు. పైగా ఆమెనే పిలిచి సన్మానం! కోలాటం నయం, ఇంకా చాలా ఊళ్లలో నేర్పేవాళ్లూ నేర్చుకునేవాళ్లూ ఒకే వరసలో అడుగు వేస్తున్నారు.

పిల్లలకు ఆసక్తి లేదని సంఘం పెద్దలు అంటారు. కార్యక్రమం పెట్టేది సాయంత్రం ఆరింటికి, పిల్లలంతా ట్యూషన్లలో ఉండే వేళ. హాలేమో రెండో అంతస్తులో, లిఫ్టు లేదు. మోకాళ్ల నొప్పులవాళ్లు ఎగిరి రావాలా?

ఈసారి శాలువాల డబ్బుతో రెండు క్యారమ్ బోర్డులు, నాలుగు చదరంగం బల్లలు కొనండి. పార్కులో వీపు ఆనించుకునే బెంచీలు వేయించండి. ఆదివారం పొద్దున్నే పెట్టండి, ఉపన్యాసం మాత్రం వద్దు. అన్నిటికన్నా ముందు పార్కులోని మరుగుదొడ్డి తాళం తీయించండి. చక్కెర జబ్బున్న పెద్దాయన పావుగంటకే ఆట వదిలేసి ఇంటికి ఎందుకు పరుగెడుతున్నాడో ఎవరైనా అడిగారా? తాళంచెవి కార్యదర్శి గారి దగ్గరుందని వాచ్‌మన్ అంటాడు, వాచ్‌మన్ దగ్గరుందని కార్యదర్శి గారు అంటారు. వచ్చే సమావేశంలో మొదట అది తేల్చండి.