కేలరీల లెక్క దండగన్న సందేశానికి జవాబు

“కేలరీలు లెక్కపెట్టేవాళ్లు బరువు తగ్గరు, తగ్గినా నిలబడరు” అని మొదలయ్యే పొడవాటి సందేశం ఒకటి కొన్నాళ్లుగా వాట్సాప్ గుంపుల్లో తిరుగుతోంది. నాకు అది మొదట పెదనాన్నగారి దగ్గర్నుంచి వచ్చింది, ఆ వారంలోనే ఇద్దరు మేనత్తలు పంపారు, ఆపైన ఆఫీసులో ఒకాయన భోజనాల వేళ అందరికీ చదివి వినిపించారు. పంపినవాళ్లందరూ మన మంచి కోరేవాళ్లే కాబట్టి నవ్వి ఊరుకోవడం కంటే అందులోని ఐదు మాటలను వరసగా తీసుకుని ఏది ఎంత నిజమో చూడటం మేలనిపించింది.

మొదటి మాట: “కేలరీ అనేది తిండిని ఇనుప డబ్బాలో మండించి తీసిన అంకె, మన పొట్ట పొయ్యి కాదు.” పొట్ట పొయ్యి కాదన్న సంగతి ఆ అంకెలు కట్టినవాళ్లకు మనకంటే ముందే తెలుసు. పంతొమ్మిదో శతాబ్దం చివర అమెరికాలో విల్బర్ అట్వాటర్ అనే రసాయన శాస్త్రవేత్త మాంసకృత్తులను పరికరంలో మండిస్తే గ్రాముకు సుమారు 5.65 కేలరీల వేడి వస్తుందని చూశాడు, కాని ఆ అంకెను అలాగే రాసిపెట్టలేదు; అరగకుండా మలంలో పోయేదాన్నీ, యూరియా రూపంలో మూత్రంలో పోయేదాన్నీ తీసేసి 4 అని తేల్చాడు. పిండిపదార్థాలకు 4, కొవ్వుకు 9 అని ఇప్పుడు పొట్లాల మీద అచ్చువేసే లెక్కలకు మూలం ఆ పనే. మనుషులను చిన్న గదిలో రోజుల తరబడి ఉంచి వాళ్ల ఒంటినుంచి వచ్చే వేడిని కొలిచి మరీ ఆయన ఈ లెక్కను సరిచూశాడు. ఇక ఇది పరాయి తిండి లెక్క అనడానికీ వీల్లేదు, ఎందుకంటే హైదరాబాదు తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ మన దేశంలో తినే 528 పదార్థాలను విశ్లేషించి 2017లో పట్టికలు వెలువరించింది. వాటిలో రాగులూ జొన్నలూ కందిపప్పూ అన్నీ ఉన్నాయి. బాదం వంటి గింజల్లోని శక్తి పూర్తిగా ఒంటికి పట్టదు, ఒకే కూర రెండు ఇళ్లలో ఒకేలా ఉండదు, కాబట్టి ఈ లెక్కలో పదిశాతం అటూ ఇటూ తేడా తప్పదు. అయితే నెలకోసారి త్రాసు ఎక్కి చూసుకునేవాళ్లకు ఆ తేడా ఇబ్బంది కాదు. బరువు కదలకపోతే లెక్కను వందో నూటయాభయ్యో దించుకుంటారు.

రెండో మాట: “మన తాతలు కుంచెడు అన్నం తిన్నారు, ఏ లెక్కా లేకుండానే సన్నగా ఉన్నారు.” దీనికి సమాధానం భారత వైద్య పరిశోధన మండలి 2020లో ప్రకటించిన అంచనాల్లోనే ఉంది. అరవై అయిదు కిలోల మగమనిషి కూర్చుని చేసే పనిలో ఉంటే రోజుకు 2110 కేలరీలు చాలు, అదే మనిషి బరువు పనులు చేస్తే 3470 కావాలి. ఈ రెంటికీ మధ్య ఉన్న 1360 కేలరీలంటే దాదాపు నాలుగు వందల గ్రాముల బియ్యం. తాతగారు తెల్లవారకముందే నాగలి పట్టి ఆ నాలుగు వందల గ్రాములనూ పొలంలో ఖర్చుపెట్టారు, మనం ఆయన కంచాన్ని మాత్రం వారసత్వంగా తీసుకుని కుర్చీలో కూర్చున్నాం. పైగా ఆ తరంలో చాలామంది సన్నగా ఉన్నది ఆరోగ్య రహస్యం తెలిసి కాదు, కోతలకు ముందు నెలల్లో గాదె అడుగంటేది కాబట్టి.

మూడో మాట దగ్గర కాస్త ఎక్కువసేపు ఆగాలి, ఎందుకంటే సందేశం ఇంతగా పాకడానికి కారణం అదే: “అన్నం ఒక్కటి మానేయండి, చపాతీలు, చిరుధాన్యాలు, నెయ్యి ఎంతైనా తినండి, వారంలో రెండు కిలోలు తగ్గకపోతే అడగండి.” రెండు కిలోలు తగ్గుతాయన్నది కొందరి విషయంలో నిజమే. కాని తగ్గింది ఏమిటో చూడాలి. శరీరం పిండిపదార్థాన్ని కాలేయంలోనూ కండరాల్లోనూ గ్లైకోజెన్ రూపంలో దాచుకుంటుంది, దాచిన ప్రతి గ్రాముతో పాటు సుమారు మూడు గ్రాముల నీటిని కూడా పట్టి ఉంచుతుంది. అన్నం మాని, దాని స్థానంలో చపాతీల కంటే నెయ్యీ మాంసమూ ఎక్కువగా పెట్టుకుంటే ఆ నిల్వ కరిగిపోతుంది, దానితో పాటు నీరూ పోతుంది, త్రాసు రెండు కిలోలు తక్కువ చూపిస్తుంది. పెళ్లికి వెళ్లి రెండు పూటలు కడుపునిండా అన్నం తిన్నాక అదే రెండు కిలోలు తిరిగి వచ్చి కూర్చుంటాయి, అప్పుడు మనిషి అన్నాన్ని తిట్టుకుంటాడు.

అన్నం బదులు చపాతీ తింటే ఎంత మారుతుందో మా వంటింట్లో తూచి చూశాను. మా ఇంట్లో వడ్డించే హస్తం నిండా అన్నం తీస్తే 130 గ్రాములు తూగింది, అంటే 160 కేలరీలకు కాస్త అటూ ఇటూ. ముప్ఫై గ్రాముల పిండితో చేసిన చపాతీ వందకు దగ్గర, దాని మీద చెంచాడు నూనె వేసి కాలిస్తే ఇంకో నలభై అయిదు. రాత్రి రెండు హస్తాల అన్నం మానేసి నాలుగు చపాతీలు తిన్న మనిషి 320 వదులుకుని 580 తిన్నాడన్నమాట. బియ్యం, గోధుమ, జొన్న, రాగి వండకముందు తూకానికి తూకం పెడితే శక్తిలో పెద్ద తేడా ఏమీ లేదు, అన్నీ వంద గ్రాములకు 320 నుంచి 350 దగ్గరే తిరుగుతాయి. రాగిలో కాల్షియం ఎక్కువ, జొన్నలో పీచు ఎక్కువ, ఆ కారణాలకు వాటిని తప్పక తినవచ్చు, కాని “ఎంతైనా” అన్న మాట మాత్రం దేనికీ అతకదు. నెయ్యి విషయం చెప్పనే అక్కర్లేదు.

దీని మీద పరిశోధనలు లేకపోలేదు. అమెరికాలో 811 మందికి కొవ్వు, మాంసకృత్తులు, పిండిపదార్థాల పాళ్లు మార్చి నాలుగు రకాల భోజనాలు సూచించి, అందరికీ కేలరీలు మాత్రం ఒకే పద్ధతిలో తగ్గించి, రెండేళ్లు గమనించిన అధ్యయనం 2009లో వెలువడింది. నాలుగు జట్లూ దాదాపు ఒకేలా తగ్గాయి. 2018లో అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయం వాళ్లు 609 మందితో చేసిన అధ్యయనంలో ఏడాది తర్వాత కొవ్వు తగ్గించినవాళ్లు సగటున 5.3 కిలోలు, పిండిపదార్థం తగ్గించినవాళ్లు 6 కిలోలు తగ్గారు, ఆ కొద్ది తేడా లెక్కలోకి రానిదని తేల్చారు. ఇక్కడ సందేశం పక్షాన ఒక మాట ఒప్పుకోవాలి: స్టాన్‌ఫర్డ్ అధ్యయనంలో ఎవరినీ కేలరీలు లెక్కపెట్టమనలేదు, కూరగాయలు పెంచి, మైదా, చక్కెర తగ్గించి, ఇంట్లో వండుకోమన్నారు, అంతే. అయినా వాళ్లు తిన్న మొత్తం తనంతట తానే తగ్గింది. కాబట్టి లెక్క రాసుకోవడం ఒక్కటే దారి అని నేను వాదించను. రాసుకున్నా మానినా మొత్తం తగ్గాల్సిందేనని మాత్రం అంటాను. మన కంచంలో అన్నం కొండలా, పప్పు చుక్కలా ఉంటుందన్నది కూడా కాదనలేను. ఒక హస్తం తగ్గించి పప్పు, గుడ్డు, కూర పెంచుకుంటే ఆకలి ఆగుతుంది, అది మంచి సలహాయే.

నాలుగో మాట: “తక్కువ తింటే శరీరం భయపడి కొవ్వు దాచుకుంటుంది, అందుకే లెక్కపెట్టేవాళ్లు తగ్గరు.” 1944, 1945 సంవత్సరాల్లో అమెరికాలోని మిన్నెసోటాలో ఆన్సెల్ కీస్ అనే శాస్త్రవేత్త 36 మంది ఆరోగ్యవంతులైన యువకులకు, వాళ్ల సమ్మతితోనే, ఇరవై నాలుగు వారాల పాటు సగం తిండి పెట్టాడు. వాళ్ల జీవక్రియ బాగా మందగించింది, ఎప్పుడు చూసినా తిండి గురించే మాట్లాడుకునేవాళ్లు, కాని బరువు మాత్రం నాలుగో వంతు పోయింది. మందగించడం వేరు, ఆగిపోవడం వేరు. మందగించడాన్ని నేను తేలికగా తీసిపారేయడం లేదు: టెలివిజన్ పోటీలో విపరీతంగా బరువు తగ్గిన పద్నాలుగు మందిని ఆరేళ్ల తర్వాత పరీక్షిస్తే, అప్పటికి చాలా బరువు తిరిగి పెరిగినా, వాళ్ల శరీరాలు విశ్రాంతిలో ఖర్చు చేయాల్సినదానికంటే రోజుకు సుమారు 500 కేలరీలు తక్కువ ఖర్చు చేస్తున్నాయని 2016లో తేలింది. అది మొండిగా, వేగంగా తగ్గేవాళ్లకు హెచ్చరిక.

మరి “నేను తినేదే తక్కువ, అయినా తగ్గడం లేదు” అనేవాళ్లు అబద్ధమాడుతున్నారా? లేదు, వాళ్ల కంటికి ఆనడం లేదు. న్యూయార్కులో ఇలా చెప్పినవాళ్లను పరీక్షించి 1992లో ప్రచురించిన అధ్యయనంలో, వాళ్లు తామనుకున్నదానికంటే దాదాపు రెట్టింపు తింటున్నారని బయటపడింది. మన ఇళ్లలో ఈ కంటికి ఆననిది ముఖ్యంగా నూనె. పోపు, వేపుడు, ఆవకాయ మీద తేలే నూనె ఎవరూ చెంచాలతో కొలవరు, కాని నెలకు ఎన్ని పాకెట్లు తెచ్చారో అందరికీ తెలుసు. నలుగురున్న ఇంట్లో నెలకు నాలుగు లీటర్లు అయిపోతే మనిషికి రోజుకు 270 కేలరీలు దాటుతుంది, అంటే కంచంలో కనబడని ఒకటిన్నర హస్తం అన్నం. యాప్ అక్కర్లేకుండా కిరాణా చీటీతో చేయగలిగిన లెక్క ఇది.

అయిదో మాట: “ఎత్తులోంచి వంద తీసేస్తే వచ్చేది మీ సరైన బరువు, రెండు నెలల్లో దానికి చేరాలి.” వంద తీసేయడం ఫ్రెంచి వైద్యుడు పాల్ బ్రోకా పేరు మీద వాడుకలో ఉన్న పాత కొలత. అది మరీ తప్పేమీ కాదు, తప్పంతా రెండు నెలల గడువులో ఉంది. మేనత్తల్లో ఒకరి ఎత్తు 158 సెంటీమీటర్లు, బరువు 74 కిలోలు. సందేశం ప్రకారం ఆవిడ 58కి, అంటే పదహారు కిలోలు దిగాలి. ఒక కిలో కొవ్వులో ఉండేది సుమారు 7700 కేలరీలు. పదహారు కిలోలను అరవై రోజులకు పంచితే రోజుకు రెండు వేలు దాటుతుంది. కూర్చుని పనిచేసే 55 కిలోల స్త్రీ రోజు మొత్తం అవసరమే 1660. అత్తయ్య బరువుకు ఇంకో రెండు మూడు వందలు కలుపుకున్నా, అరవై రోజులు కటిక ఉపవాసం ఉన్నా కొవ్వు అంత కరగదు.

ఆవిడకు నేను చెప్పిన గమ్యం 69. అమెరికాలో మూడు వేల మందికి పైగా, మధుమేహం అంచున ఉన్నవాళ్లతో చేసి 2002లో ప్రచురించిన పెద్ద అధ్యయనంలో ఒక జట్టుకు పెట్టిన గమ్యం ఏడు శాతం తగ్గడం, వారానికి నూటయాభై నిమిషాలు నడవడం, అంతే. ఆ జట్టులో మధుమేహం వచ్చినవాళ్లు 58 శాతం తగ్గారు. డెబ్భై నాలుగులో ఏడు శాతం అయిదు కిలోలు. రోజుకు 350 కేలరీలు, అంటే ఒక హస్తం అన్నం, రెండు చెంచాల నూనె, చక్కెర వేసిన సాయంకాలపు కాఫీ, తగ్గిస్తే నాలుగైదు నెలల పని. 69 దగ్గర కొన్ని నెలలు నిలబడ్డాక ఇంకా దిగాలా వద్దా అన్నది ఆవిడ ఇష్టం. మన దేశంలో స్త్రీలకు నడుము కొలత 80 సెంటీమీటర్లు, మగవాళ్లకు 90 దాటకూడదంటారు కాబట్టి, త్రాసుతో పాటు టేపు కూడా దగ్గర పెట్టుకోమన్నాను.

గర్భిణులు, ఎదిగే పిల్లలు, తిండి గురించిన ఆందోళనతో ఇదివరకే బాధపడినవాళ్లు ఈ లెక్కల జోలికి తమంతట తాముగా వెళ్లకూడదు. పెదనాన్నగారు షుగరుకు ఇన్సులిన్ తీసుకుంటారు. ఇన్సులిన్ మోతాదు మార్చకుండా ఒక్కసారిగా అన్నం మానేస్తే రక్తంలో చక్కెర ప్రమాదకరంగా పడిపోయి కళ్లు తిరిగి పడిపోవచ్చు, అందుకే ఆయనకు ఆ రోజే ఫోన్ చేసి డాక్టరుగారిని అడగకుండా పూట కూడా మానవద్దని చెప్పాను. అంత పొడవాటి సందేశంలో ఆ ఒక్క వాక్యం ఎక్కడా లేదు.